దగ్గుకు చప్పట్లు

చప్పట్లు కొట్టాం. ఆయన దగ్గుతుంటే నిలబడి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, ఎంత బాగా దగ్గారండీ అని మెచ్చుకుని మరీ కొట్టాను. ఇప్పుడు ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని సొంత ఇంటి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాను. తాళంచెవి పిడికిట్లో ఉంది, చెయ్యి చాస్తే తలుపు అందుతుంది, తలుపు అవతల నా చెల్లెలుంది, చెల్లెలి ఒంట్లో నా కిడ్నీ ఉంది, నేను మాత్రం లోపలికి వెళ్లకూడదు. ఎవరిని అనాలి? అందరినీ అనాలి. ముందు గంభీరాన్ని అనాలి. గంభీరం అంటే మా స్టూడియోలో మగ గొంతు, అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో, బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతుని బట్టి అందరం గంభీరం అనే అంటాం. పరాయి భాష సీరియళ్లకి తెలుగు మాటలు తొడిగే పని మాది. తెర మీద ఎవరో నోరు కదుపుతారు, మేము గాలి చొరబడని గదిలో నిలబడి ఆ నోటికి సరిపడా మాట్లాడతాం. రాజులకీ జడ్జీలకీ మంచం పట్టిన తండ్రులకీ ఆయన గొంతు, ఆ తండ్రుల పెళ్లాలకి నా గొంతు. మొన్నటి సీన్లో ఆయన ఊపిరితిత్తుల జబ్బు మనిషి, నేను పక్కన కూర్చుని నుదురు తుడిచే ఇల్లాలిని. సీన్లో దగ్గు రాసి ఉంది. ఆయన దగ్గాడు. అబ్బ, ఏం దగ్గాడు! కడుపులోంచి లేచి, ఛాతీలో దొర్లి, చివర్లో చిన్న మూలుగుతో ఆగింది. అద్దం అవతల డైరెక్టరు మేడం కుర్చీలోంచి లేచింది. "ఇదండీ దగ్గంటే! ఇంత సహజంగా దగ్గినవాళ్లని నేనింతవరకు చూళ్లేదు. ఇంకొక్క టేకు తీసుకుందాం, ఈసారి ఇంకాస్త ముందుకి వంగి." ముందుకి వంగమందట. ఎక్కడికి వంగుతాడు, నా మీదకే వంగాడు.

వేరే స్టూడియోల్లో ఎవరి మాట వాళ్లు విడిగా వచ్చి చెప్పి పోతారు. మా మేడంకి అది నచ్చదు. భార్యాభర్తల సీనైతే ఇద్దరూ ఒకే మైకు దగ్గర, భుజానికి భుజం ఆనించి, ఒకేసారి చెప్పాలి. ఊపిరి కలవాలండీ అంటుంది ఆవిడ, ఊపిరి కలిస్తేనే సంసారంలా వినపడుతుంది. కలిసింది తల్లీ, బాగా కలిసింది. టేకు మొదలవ్వగానే ఏసీ ఆపేస్తారు, అది చప్పుడు చేస్తుంది కదా. తలుపు మూసేస్తారు, కిటికీ అసలు లేదు, గోడల నిండా దూది దిండ్లు కొట్టి ఉంటాయి, చీమ తుమ్మినా బయటికి వినపడదు. మైకు ముందు ఉమ్ము పడకుండా జల్లెడలాంటి నల్లగుడ్డ, ఆయన వంగి దగ్గిన ఆ గుడ్డకే మూతి ఆనించి నేను, "ఏవండీ, కొంచెం మంచినీళ్లు తాగండి" అని కన్నీళ్లు పెట్టుకున్నాను. గుడ్డ వెచ్చగా ఉంది. అది కూడా గుర్తుంది నాకు, వెచ్చగా, తడిగా ఉంది, ఛీ అనుకుని కూడా మాట తప్పకుండా డైలాగు చెప్పాను, పనిమంతురాలిని మరి. ఇరవై సార్లో ముప్పై సార్లో తీశారు. ఇవాళ మధ్యాహ్నం కూరలు కొనుక్కుని వస్తుంటే సౌండు ఇంజినీరు ఫోన్ చేశాడు. "అక్కా, గంభీరం అన్నకి ఒళ్లు కాలిపోతోందంట, ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారంట, ఫ్లూ అని తేలిందంట. నువ్వు పక్కనే ఉన్నావు కదా, చూసుకో." చూసుకో! ఏం చూసుకోను? కూరల సంచీ ఇదిగో నా పక్కనే కూర్చుంది, దొండకాయల మీద నా చెయ్యి పడింది, ఇక వాటిని లోపలికి ఇవ్వచ్చో లేదో కూడా నాకు తెలీదు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే ముందు పాట. ఆపరేషన్ చేసి కిడ్నీలు మార్చే అంత పెద్ద ఆస్పత్రి, ఫోన్లో మాత్రం పెళ్లి వీడియోలో వచ్చే సన్నాయి. అది అయిపోయి మళ్లీ మొదలై మళ్లీ అయిపోయాక నర్సు ఎత్తింది. చల్లగా, ఓపిగ్గా అడిగింది. ఎప్పుడు కలిశారు, ఎంత దగ్గరగా, మూసిన గదా తెరిచిన గదా, మాస్కు ఉందా. మాస్కు పెట్టుకుని సంసారం మాటలు ఎలా చెబుతారమ్మా అని అరిచాను, పాపం ఆ పిల్లేం చేసింది. "మీకు జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు ఏమైనా ఉన్నాయా?" లేవు అన్నాను, అప్పటికి నిజంగానే లేవు. "ఇంట్లోకి వెళ్లకండి. పేషెంటుని కిటికీలు తెరుచుకోమనండి, మీ తువ్వాలు, గ్లాసు, దుప్పటి ముట్టుకోవద్దనండి, చేతులు సబ్బుతో కడుక్కోమనండి. ముందుజాగ్రత్త మాత్రలుంటాయి. మీ అంతట మీరు కొనెయ్యకండి, వాళ్ల కిడ్నీ పనిచేసేదాన్ని బట్టి మోతాదు ఉంటుంది, డాక్టరే చెప్పాలి. ఆయన ఆపరేషన్లో ఉన్నారు, గంటలో నేనే చేస్తాను." గంట. ఆ గంటలోనే కూర్చున్నాను. ఫ్లూ మనిషి మంచం ఎక్కేదాకా ఆగదట, ఒంట్లో ఏమీ తెలియకముందే పక్కవాళ్లకి ఎక్కేస్తుందట, అదీ ఆ పిల్లే చెప్పింది, చెప్పి పెట్టేసింది. అంటే నిన్న. నిన్న రాత్రి నేనేం చేశాను? చెల్లెల్ని నా మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వాను. చిక్కు పడింది, వంగి నోటితో ఊదుతూ ముడి తీశాను, చిన్నప్పట్నుంచీ అలవాటు, ఊదితే నొప్పి తెలీదని దాని నమ్మకం. ఊదాను. దాని మెడ మీద, చెవి మీద ఊదాను. గంభీరం మొహం మండ!

లోపల కుట్టుమిషన్ ఆడుతోంది. చెల్లెలు ఇంట్లో కూర్చునే బట్టలు సరిచేస్తుంది, వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, ఈ వీధిలో లావైనవాళ్ల చిట్టా అంతా దాని దగ్గరే ఉంటుంది. చెవుల్నే నమ్ముకుని బతికేదాన్ని నేను, ఆ మిషన్ చప్పుడు వింటే చాలు అది ఎలా ఉందో చెప్పేస్తాను. ఒకే వేగంతో పోతోందంటే పాట పాడుకుంటోందని. ఆగి ఆగి పోతోందంటే నా గురించి ఆలోచిస్తోందని. ఇప్పుడు ఆగి ఆగి పోతోంది. ఇదిగో, ఆగింది. చెప్పుల చప్పుడు. పంపు తిప్పిన చప్పుడు. గటగటా నీళ్లు తాగుతోంది. ఆ చప్పుడు వింటే నాకు ఎక్కడ లేని ఏడుపూ వస్తుంది, కోపంలో కూడా వస్తుంది. ఎందుకంటే రక్తం మిషన్లో కడిగించుకున్న ఆ ఏళ్లన్నీ దానికి నీళ్లు కూడా కొలతే, మూతతో పోసుకునేది, ఎండాకాలం ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకునేది, నేను వంటింట్లో గోడ వైపు తిరిగి దొంగతనంగా నీళ్లు తాగేదాన్ని, గుటక వినపడకుండా. గుటక వినపడకుండా నీళ్లు తాగడం నేర్చుకున్నాను నేను, ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని నిలబడి, "అక్కా, మొత్తం తాగెయ్యనా?" అంది. తాగెయ్యవే అన్నాను. తాగింది, గడ్డం మీదుగా కార్చుకుంటూ తాగింది, ఇంకో గ్లాసు తాగింది, ఆ తర్వాత బాత్రూములోంచి "అక్కా, వస్తోంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఒంటేలు వస్తోందని సంబరపడే ఇల్లు ఈ సందులో మాదొక్కటే. అలాంటిదాన్ని ఒక దగ్గు వచ్చి ఎత్తుకుపోతుందా? ఒంటికి కొత్త కిడ్నీ పరాయిదని తెలియకుండా ఉండడానికి రోజూ మాత్రలు వేస్తారు, ఆ మాత్రలు ఒంటి కాపలాని నిద్రపుచ్చుతాయి, అప్పుడు ఎవడొచ్చినా అడిగేవాడుండడు. నేను టీకా వేయించుకున్నాను, ఇంట్లోవాళ్లు తప్పకుండా వేయించుకోవాలన్నారు, వేయించుకున్నాను. దానికి ఇంకా వేయలేదు, కొన్నాళ్లు ఆగాలన్నారు. ఆ కొన్నాళ్లలోనే ఈ గంభీరం దగ్గాలా? టీకా వేసుకున్నా కొందరికి వస్తుందట, అదీ ఆ నర్సు పిల్లే చెప్పింది, ఒక్క మంచి మాట చెప్పదు కదా.

"అక్కా, తలుపు తీస్తున్నా. టీ ఇస్తా, తీసుకుని మళ్లీ మెట్ల మీదే కూర్చో."

"తీశావంటే కాళ్లు విరగ్గొడతా."

"ఏ చేత్తో విరగ్గొడతావు, నన్ను ముట్టుకోకూడదుగా."

నవ్వుతోంది. దీనికి ప్రతిదీ వేళాకోళమే. తలుపుకి లోపల గడియ వేసుకోమని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, వెయ్యదు. వెయ్యకూడదని నేర్పింది కూడా నేనే, ఇదొకటి. అది బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయి, లోపల గడియ ఉండి, నేను బయట తలుపు బాదుకుని బాదుకుని చివరికి గొళ్లెం ఊడబెరికించిన రోజునుంచీ ఈ ఇంట్లో గడియలు నిషేధం. వీధి తలుపుకైనా సరే, నా దగ్గర తాళంచెవి ఉంటుంది, నేను ఎప్పుడైనా లోపలికి రాగలగాలి, అదీ మా ఇంటి చట్టం. ఆ గడియ తుప్పు పట్టి ఉంటుంది ఇప్పుడు. దేవుడా, దానికి నా మీద భయం లేదు, జబ్బు మీద భయం లేదు, అన్నేళ్లు మృత్యువుతో పేచీ పెట్టుకుని గెలిచిందాయె, ఇప్పుడు ముక్కుచీమిడికి భయపడమంటే ఎందుకు పడుతుంది.

పైయింటి బాబాయి దిగుతున్నాడు. చెప్పుల చప్పుడుకే తెలుస్తుంది, ఎడమ కాలు ఈడుస్తాడు. "ఏంటమ్మాయ్, బయట కూర్చున్నావు, తాళంచెవి పోయిందా?" ఆగండి బాబాయిగారూ, దగ్గరికి రాకండి అని చెప్పి, సంగతి చెప్పాను. ఆయన గోడకి ఆనుకుని తాపీగా నవ్వాడు. "ఓస్, ఫ్లూయేనా. మామూలు జలుబేగా. రెండు రోజులు ముక్కు కారి అదే పోతుంది. వేడినీళ్లు తాగించు. మా ఆఫీసులో ఐతే జ్వరంతోనే వచ్చి కూర్చునేవాళ్లం, ఒక్కరోజు సెలవు పెట్టిన పాపాన పోలేదు." అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఈ ప్రపంచాన్ని ముంచింది వైరస్సు కాదు, సెలవు పెట్టని మగాళ్లు. జ్వరంతో వచ్చి కూర్చున్నారట! పక్క కుర్చీవాడి ఇంట్లో ఎవరున్నారు, పసిపిల్ల ఉందా, కడుపుతో ఉన్న భార్య ఉందా అని ఒక్కసారైనా అడిగారా బాబాయిగారూ, మీరు వెళ్లి కూర్చున్నాక ఆ ఆఫీసులో ఎంతమంది మంచం పట్టారో ఎప్పుడైనా ఆరా తీశారా, ఇవన్నీ మనసులో అనుకుంటున్నాననే అనుకున్నాను, పైకే అనేశాను, మెట్లన్నీ మోగిపోయేలా అనేశాను. మైకు లేకుండానే మూడంతస్తులకీ వినపడే గొంతు నాది. మూడో అంతస్తులో ఎవరిదో తలుపు తెరుచుకుని మూసుకుంది. ఆయన మొహం చిన్నబోయింది. సంచీ భుజం మార్చుకుని, "మందులేమైనా తేవాలంటే చెప్పమ్మా, గుమ్మానికి తగిలించిపోతాను" అని దిగిపోయాడు, ఎడమ కాలు ఈడుస్తూ. తిట్టింది పెద్దాయన్ని, పోనీ. అయినా వేడినీళ్లట, వేడినీళ్లు! అరిచేసరికి గొంతులో ఏదో గీరుకుంది. అరిస్తే గీరుకోదూ మరి.

మేడంకి ఫోన్ చేశాను. అలా జరిగిందా, అయ్యో అంది, అంటూనే, "ఒక సంగతి చెప్పనా, ఆ దగ్గు మాత్రం అద్భుతంగా వచ్చిందండీ, మిక్సింగులో మళ్లీ విన్నాను, ఒళ్లు జలదరించింది" అంది. జలదరిస్తుంది, ఎందుకు జలదరించదు. మీరు అద్దం అవతల కదా. అద్దం అవతల ఏసీ నడుస్తూనే ఉంటుంది కదా. మీ ఊపిరి ఎవరితోనూ కలవక్కర్లేదు కదా. పెట్టేశాను. ఇంటింటా టీవీలో ఆ దగ్గు వింటారు రేపు, పాపం ఎంత బాధపడుతున్నాడో అనుకుంటారు, ఆ పక్కనే ఏవండీ మంచినీళ్లు తాగండి అని నా గొంతు, నిజంగా ఉన్నది ఆ దగ్గొక్కటే, తక్కినదంతా ఉత్తిదే. తెలిసినవాళ్లం, గొంతులతోనే బతికేవాళ్లం, అరుపులో ఆకలి ఎంతో, ఏడుపులో నీళ్లెన్నో చెప్పగలిగేవాళ్లం, అద్దానికి అటూ ఇటూ ఇంతమందిమి ఉండి, ఒక మనిషికి జబ్బుగా ఉందని ఒక్కళ్లం కనిపెట్టలేకపోయాం. బయట బస్టాపులో దగ్గి ఉంటే పక్కకి జరిగేదాన్ని. మైకు ముందు దగ్గాడని చప్పట్లు కొట్టాను. గొంతు గరగరలాడుతోంది. మింగాను. దగ్గు వచ్చేలా ఉన్నప్పుడు నాలుక వెనక్కి మడిచి, ముక్కుతో సన్నగా పీల్చి, మింగాలి. టేకు మధ్యలో దగ్గొస్తే అలాగే ఆపుతాం, పని నేర్చుకున్న మొదటి వారంలోనే నేర్పుతారు. ఆగింది. దుమ్ము, ఈ మెట్లు ఊడ్చి ఎన్నాళ్లయిందో.

ఫోన్ మోగింది, ఆస్పత్రనుకుని ఎత్తాను, గంభీరం. ఎత్తాక కూడా గంభీరమని తెలీలేదు, ఎవరో ముసలమ్మ గుసగుస పెడుతున్నట్టుంది, "తల్లీ, నేనమ్మా" అంటే తెలిసింది. బావి ఎండిపోయింది. ఒక్క క్షణం అయ్యో అనిపించింది, ఆ అయ్యోని పళ్లకింద నలిపేశాను.

"ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేశారండీ?"

"ఇంజినీరు చెప్పాడు తల్లీ. మీ చెల్లెలు..."

"గుర్తొచ్చిందా చెల్లెలు? నేను ఆపరేషనయ్యి మళ్లీ పనికొచ్చిన రోజు నా కుర్చీలో దిండు వేసింది మీరు కాదూ? ఎలా ఉందమ్మా అని రోజూ అడిగేది మీరు కాదూ? అన్నీ తెలిసి నా పక్కన నిలబడి ఎలా దగ్గారు?"

అవతల ఆయాసం. నిజం ఆయాసం, ఇప్పుడు తెలుస్తోంది నాకు తేడా. "పొద్దున్నుంచే గొంతు గీరుతోంది. దుమ్మనుకున్నా. రాత్రి చల్లనీళ్లు తాగా, అందుకనుకున్నా. తర్వాత అర్థమైంది, కానీ చెబితే పంపించేస్తారు, కొత్త సీరియల్లో నాకిస్తామన్న రాజు పాత్రకి ఇంకో గొంతు చూసుకుంటారు. ఎలాగూ సీన్లో దగ్గే కదా, అందులో కలిసిపోతుందిలే అనుకున్నా. నన్ను తిట్టు తల్లీ." అడగాలా? తిట్టాను. ఇరవై ఏళ్లుగా పక్కన నిలబడ్డ మనిషిని, నన్ను ఈ పనిలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషిని, సిగ్గులేదా అన్నాను, దానికేమైనా అయితే మీ గుమ్మంలో కూర్చుంటానన్నాను, మీ రాజు పాత్ర బూడిదైపోను అన్నాను, ఆయన ఊఁ ఊఁ అంటూ అన్నీ విన్నాడు, చివరికి మళ్లీ దగ్గొచ్చి పెట్టేశాడు. చాలలేదు నాకు. ఇంకా ఉన్నాయి తిట్లు, నోటినిండా ఉన్నాయి, గొంతు మాత్రం సహకరించడం లేదు. దుమ్మనుకున్నాడట, దుమ్ము! అదేం వంకండీ, గొంతు గీరుతుంటే మనిషికి తెలీదా, ఎవడి గొంతు వాడికి తెలీదా, దుమ్మేమిటి... నాలుక వెనక్కి మడిచాను. ముక్కుతో సన్నగా పీల్చాను. మింగాను. వీపు వెనక మెట్టు చల్లగా తగులుతోంది, ఇందాకటిదాకా తగల్లేదు. అరిచినందుకే. ఇంతసేపు అరిస్తే ఎవరికైనా గొంతు పోతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది, కోపం వస్తే వెచ్చబడదా. అవును, కోపమే ఇది.

మళ్లీ మొదలైన మిషన్ చప్పుడు ఆగిపోయింది. తలుపు అవతలే ఉంది, ఊపిరి వినపడుతోంది, నేల మీద కూర్చుని తలుపుకి వీపు ఆనించి ఉంటుంది, నేనిటు, అదటు. అప్పుడు ఫోన్ మోగింది, ఆస్పత్రే, నర్సు. "డాక్టరుగారు చెప్పారండీ. పేషెంటుకి ఇవాళే మాత్రలు మొదలుపెట్టాలి, మోతాదు పంపిస్తున్నాను. కానీ ఒక్క విషయం సరిగ్గా చెప్పండి. మీరు నిన్న వాళ్ల దగ్గరే ఉన్నారు కదా. మీకు లక్షణాలు లేకపోతే ఒక రకం, మీకే మొదలైతే వేరే, అప్పుడు వాళ్లని ఇవాళే తీసుకొచ్చి చూపించాలి. మీకు దగ్గు, జ్వరం ఏమైనా మొదలయ్యాయా?"

"లేదండీ," అన్నాను. గాజులా వచ్చింది గొంతు. ఎక్కడా గీత లేదు. ఒకే టేకులో వచ్చింది.

"అక్కా," అంది తలుపు వెనకనుంచి. నవ్వడం లేదు ఈసారి. "అది సీరియల్ గొంతు. నీది కాదు."

నోరు మూసుకోవే అనబోయాను. నోరు తెరిచాను, అంతే, నాలుక వెనక్కి మడిచే వ్యవధి కూడా ఇవ్వకుండా వచ్చింది, కడుపులోంచి లేచి, ఛాతీలో దొర్లి, మెట్లన్నీ మోగిస్తూ వచ్చింది, ఆగదే, మోచెయ్యి మడిచి మొహం అందులో దాచుకున్నాను, కూరల సంచీ తగిలి దొండకాయలు మెట్లమీదుగా దొర్లుకుంటూ పోయాయి, ఇంకా వస్తూనే ఉంది. నిన్న రాత్రి నేను ఊదిన ముడి, దాని మెడ, దాని చెవి. ఆగాక తలుపు అవతలనుంచి అడిగింది.

"అక్కా, అది యాక్టింగా నిజమా?"

చిన్నప్పట్నుంచీ అడుగుతుంది ఇది, నేను ఇంట్లో ఏడుపు సాధన చేసినప్పుడల్లా. యాక్టింగేనే అని చెప్పి నవ్వించేదాన్ని.

"నిజమే. గడియ వేసుకో."

"అక్కా..."

"గడియ వెయ్యవే ముందు!"

లేచింది. ఇనుము కరకరలాడింది. తుప్పు పట్టిన గడియ, సగం దాకా వచ్చి ఇరుక్కుంది. అక్కడే ఆపేసింది, వేలు నొప్పి పుట్టిందో, ఏడుస్తోందో. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది, గంభీరం మీద కాదు, మేడం మీద కాదు, ఆ ఇనపముక్క మీద. "తొయ్యి! ఇంకా గట్టిగా తొయ్యవే! చెప్పుతో కొట్టు దాన్ని!" అని బొంగురుగొంతుతో అరుస్తున్నాను, ఫోన్లో నర్సు ఏమండీ ఏమండీ అంటోంది, చెల్లెలు చెప్పు తీసి కొట్టింది, ఇంకోసారి కొట్టింది, మూడోసారికి గడియ పడింది. ఇప్పుడు నా దగ్గర తాళంచెవి ఉన్నా లోపలికి వెళ్లలేను.

"రాసుకోండమ్మా," అన్నాను నర్సుతో. "నాకు మొదలైంది."